మన శరీరమునందలి శోషరస నాళములు – బోదకాలు

కొన్ని సంవత్సరముల క్రిందట బోదవ్యాధి నివారణ మాత్రల పంపిణీని గూర్చి ప్రచారము చేయుటకై జహీరాబాదు సమీపమునగల ఒక గ్రామమునకు వెళ్ళితిని. పంచాయతీ కార్యాలయము ముందరి వేపచెట్టు క్రింద జనము కూడిరి. నేను మాటలాడి ముగించిన పిమ్మట ఒక నడివయస్సు రైతు లేచి, పంచెను మోకాలివరకు ఎత్తి తన కాళ్ళను చూపుచు, "సారూ, కాళ్ళు మంచిగున్నోనికి గోలీలెందుకు? వాచినోళ్ళకే ఇయ్యుండ్రి" అనెను. జనము నవ్విరి. వ్యాధి రాకుండుటకై అందరును మింగవలెనని ప్రభుత్వము నిర్ణయించినదని నేను సమాధానము చెప్పితిని. అది సమాధానము కాదని నాకును తెలియును, ఆ రైతునకును తెలియును. అతడు మారు పలుకక కూర్చుండెను.

ఆ ప్రశ్న సరియైనదే. దానికి జవాబు కాలిలో కనబడదు. చర్మము క్రింద, కంటికి ఆనని సన్నని నాళములలో నున్నది. ఆ నాళముల సంగతి పంచాయతీ సభ్యులు తెలిసికొనియున్నచో ఇట్టి ప్రశ్న అడిగినవారిని నవ్వి కూర్చుండబెట్టవలసిన పని యుండదు. నాడు చెప్పవలసి యుండియు నేను చెప్పలేకపోయిన సమాధానమునే ఇచట వ్రాయుచున్నాను.

జహీరాబాదు ప్రాంతము మూడు భాషలు కలియు చోటు. ఈ జబ్బును తెలుగువారు బోదకాలు, ఏనుగుకాలు అందురు. బీదరు వైపు కన్నడము మాటలాడువారు ఆనెకాలు అందురు. ఉర్దూ మాటలాడువారు హాథీపావ్ అందురు. మూడు భాషలవారును కాలును చూచియే పేరు పెట్టిరి. కాని కాలు వాచుట ఈ జబ్బు కథలో చివరి అధ్యాయము. మొదటి అధ్యాయము అంతకు ఎన్నో సంవత్సరములు ముందుగా, ఏ నొప్పియు లేకుండ, ఆరోగ్యముగా కనబడు కాలిలో జరిగిపోవును.

రక్తము గుండెనుండి బయలుదేరి వెంట్రుకకంటె సన్నని కేశనాళికలలో ప్రవేశించునని పాఠశాలలో చదివియే యుందురు. ఈ కేశనాళికల గోడలు మిక్కిలి పలుచనివి. వానిగుండ రక్తములోని నీరు, లవణములు, కొంత మాంసకృత్తు బయటికి ఊరి, కండరముల సందులయందును చర్మము క్రిందను జీవకణములను తడుపుచుండును. ఒక దినములో ఇట్లు ఊరు ద్రవము సుమారు 20 లీటర్లు. అందులో 17 లీటర్లవరకు తిరిగి కేశనాళికలలోనికే ఇంకిపోవును. మిగిలిన 3 లీటర్ల మాట ఏమి? మన శరీరమున నున్న రక్తమంతయు కలిపినను 5 లీటర్లే. దినమునకు 3 లీటర్ల చొప్పున బయట నిలిచిపోయినచో రెండు దినములలో రక్తనాళములు ఎండిపోవును, శరీరము ఉబ్బిపోవును. అట్లు జరుగకుండుటకు కారణము, ఆ మిగులు ద్రవమును పోగుచేసి మరల రక్తములో కలుపు వేరొక నాళముల వల మన శరీరమంతట అల్లుకొని యుండుటయే. ఆ ద్రవమునకు శోషరసమని పేరు. కొందరు లసిక అనియు వ్రాసిరి. అది ప్రవహించునవి శోషరస నాళములు.

రక్తము ఎర్రగా నుండుటచే ఎవరికైనను కనబడును. శోషరసము దాదాపు రంగులేనిది. అందుచేతనే దీని సంగతి వైద్యులకు సైతము ఆలస్యముగా తెలిసినది. 1622లో ఇటలీ దేశమున గాస్పరో అసెల్లి అను వైద్యుడు, అంతకుముందే మేత తిన్న కుక్క కడుపును కోసి చూడగా, ప్రేగులనుండి పోవు తెల్లని దారములవంటివి కనబడినవి. అవి నరములు కావు. ఒకదానిని కత్తిరింపగా పాలవంటి ద్రవము స్రవించెను. మనము తిను నూనె, నెయ్యి, వెన్న మొదలగు క్రొవ్వు పదార్థములు జీర్ణమైన పిమ్మట నేరుగా రక్తములోనికి పోక, ఈ దారిననే పోవును. మరి ముప్పది సంవత్సరములకు స్వీడనులో రుడ్బెక్, డెన్మార్కులో బార్తోలిన్ ఈ నాళములు శరీరమంతట నున్నవని చూపిరి. మెదడు పొరలలో సైతము ఇవి యున్నవని స్పష్టముగా రుజువైనది 2015లో మాత్రమే.

కాలి వ్రేళ్ళ నుండి బయలుదేరిన శోషరసము పిక్కలు, మోకాలు, తొడ దాటి గజ్జలకు చేరును. అచటినుండి కడుపులోనికి పోయి, వెన్నెముక ముందు భాగమున సుమారు 40 సెంటీమీటర్ల పొడవుగల ఒక పెద్ద నాళములో పడి, మెడ మొదట ఎడమ ప్రక్కనున్న పెద్ద సిరలో కలియును. కుడిచేయి, తలయొక్కయు రొమ్ముయొక్కయు కుడిభాగము – ఇంతమాత్రము వేరొక చిన్న నాళము ద్వారా కుడిప్రక్కన కలియును. తక్కిన శరీరమంతటి శోషరసమునకు ఎడమ దారియే.

ఇచట ఒక విషయము గమనింపవలెను. రక్తమును తోయుటకు గుండె యున్నది. శోషరసమునకు అట్టి యంత్రము లేదు. మీ గ్రామపు కాలువలో నీరు పల్లమునకు పోవును. శోషరసము కాలినుండి మెడవరకు ఎగువకు ఎక్కవలెను. ఇది రెండు విధములుగా సాధ్యమగుచున్నది. నాళముల గోడలు తమంతట తాము ముడుచుకొనుచు విచ్చుకొనుచు నుండును. మనము నడచినపుడు కండరములు బిగిసి నాళములను పిండును. లోపల కొద్ది కొద్ది దూరమున కవాటములు ఉండుటచే ఎక్కిన రసము మరల క్రిందికి దిగదు. దినమంతయు ఒకేచోట నిలుచుండి పనిచేయువారి పాదములు సాయంకాలమునకు బరువెక్కుటయు, కొంత నడచినను, కాళ్ళెత్తి పండుకొన్నను తేలికపడుటయు దీనివలననే.

ప్రస్తుత విషయము కాకున్నను, పొలములలో తిరుగువారికి అవసరమగుటచే ఒక మాట చెప్పెదను. త్రాచు, కట్లపాము వంటివాని విషము చాలవరకు ఈ శోషరస నాళముల ద్వారానే పైకి ఎక్కును. కరచిన కాలిని కదపిన కొలది విషము త్వరగా ఎక్కును. కావున పాము కరచినవానిని పరుగెత్తింపరాదు, నడిపింపరాదు. ఎముక విరిగిన కాలికి కట్టినట్లు బద్దకట్టి, కదలకుండ మోసికొనిపోయి, పాము విషమునకు విరుగుడు మందుండు ఆసుపత్రికి చేర్పవలెను. త్రాడుతో బిగించి కట్టుటవలన మేలుకంటె కీడే అధికము.

శోషరస నాళముల దారిలో అచటచట చిక్కుడుగింజల వంటి గ్రంథులు కలవు. మొత్తము మీద 500కు పైగా ఉండును. ఇవి మీకు క్రొత్తవి కావు. కాలికి ముల్లు గ్రుచ్చుకొని చీముపట్టినపుడు గజ్జలో బిళ్ళ కట్టినదందురు. గొంతు నొప్పి వచ్చినపుడు దవడ క్రింద బిళ్ళలు తగులును. ఆ బిళ్ళ ఎల్లపుడును అచటనే యున్నది. నాడు పని యెక్కువై ఉబ్బినది. శోషరసముతో కొట్టుకొనివచ్చిన సూక్ష్మక్రిములను ఇచట తెల్లరక్తకణములు ఆపి చంపును. ఏ క్రిమి వచ్చినదో గుర్తుంచుకొనుటయు ఈ గ్రంథుల పనియే. పిల్లలకు వేయు టీకా తన పాఠమును చెప్పునదియు ఇచటనే. ప్లీహము, గొంతులోని టాన్సిల్స్, చిన్నతనమున పెద్దదిగా నుండి తరువాత కుంచించుకొనిపోవు థైమస్ గ్రంథి కూడ ఈ వ్యవస్థకు చెందినవే.

ఇట్టి కాపలాగల నాళములలోనే కాపురము పెట్టు పురుగు ఒకటి కలదు. దాని పేరు ఊచరేరియా బాంక్రాఫ్టి. తెల్లని నూలుపోగువలె నుండును. ఆడపురుగు పొడవు 8 మొదలు 10 సెంటీమీటర్లు. మగది అందులో సగముకంటె చిన్నది. ఇవి శోషరస నాళములలో జతగా చుట్టుకొని 5 మొదలు 8 సంవత్సరముల వరకు జీవించును. ఆ కాలమంతయు ఆడపురుగు లక్షల కొలది పిల్లలను కనుచుండును. ఈ పిల్ల పురుగులు కంటికి కనబడనంత చిన్నవి. శోషరసముతో పాటు ఇవియును మెడవద్ద రక్తములో కలిసి తిరుగుచుండును. మన దేశమున ఇవి పగలు లోపలి అవయవములలో దాగి, రాత్రి పది గంటల నుండి రెండు గంటలవరకు చర్మము దగ్గరి రక్తములోనికి వచ్చును. దోమ కుట్టు వేళకు అవి సిద్ధమైయుండుట చూడగా ఆశ్చర్యము కలుగును. ఆరోగ్య సిబ్బంది రాత్రివేళ తలుపుతట్టి రక్తపు చుక్క అడుగుటకు కారణమిదే. నిద్రచెరచి వచ్చినారని వారిపై కోపగించిన గ్రామములను నేనెరుగుదును.

ఈ విషయము వెలువడిన విధము తెలిసికొనదగినది. 1872లో కలకత్తాలో తిమొతి లూయిస్ అను వైద్యుడు మనుష్య రక్తములో పిల్ల పురుగులను చూచెను. 1876లో ఆస్ట్రేలియాలో జోసెఫ్ బాంక్రాఫ్ట్ పెద్ద పురుగును కనుగొనెను. 1877లో చైనా దేశపు అమాయ్ పట్టణములో పాట్రిక్ మాన్సన్, ఈ పిల్ల పురుగులు దోమ కడుపులో పెరుగునని నిరూపించెను. ఒక కీటకము మనుష్యుల వ్యాధిని మోయునని లోకము తెలిసికొనుట అదియే మొదలు. ఆ మాన్సన్ ప్రోత్సాహముతోనే 1897లో రొనాల్డ్ రాస్ మన సికింద్రాబాదులో మలేరియా క్రిమిని దోమలో చూచెను. అయితే మాన్సన్ ఒకచోట పొరబడెను. దోమ నీటిలో పడి చచ్చుననియు, ఆ నీటిని త్రాగుటవలన జబ్బు వచ్చుననియు ఆయన తలంచెను. 1900లో జార్జి లో అను శాస్త్రజ్ఞుడు దోమ తొండములోనే పురుగును చూపిన పిదప ఆ భ్రమ తొలగినది. శాస్త్రజ్ఞులకు తొలగినది గాని, నీరు మారినందున బోదకాలు వచ్చినదనువారు మన గ్రామములలో నేటికిని కలరు. వారిని తప్పుపట్టనవసరము లేదు. మాన్సనంతటివాడే ఆ మాట నమ్మెను.

దోమ కడుపులో పిల్ల పురుగు 10 మొదలు 14 దినములలో ఎదిగి, ఆ దోమ మరియొకరిని కుట్టినపుడు చర్మముపై పడి, కుట్టిన రంధ్రముగుండ లోనికి దూరును. ఒక్క కాటుతో జబ్బు పట్టదు. నెలల తరబడి, సంవత్సరముల తరబడి అనేక పర్యాయములు కుట్టించుకొన్న పిమ్మటనే పురుగులు జతగూడి స్థిరపడును. చాలమందికి ఇది బాల్యముననే జరుగును. పురుగులున్నచోట నాళము సాగి వెడల్పగును, కవాటములు మూయుట మానును, రసము ఎగబ్రాకలేక నిలిచిపోవును. పైకి మాత్రము కాలు చక్కగానే యుండును. ఇట్లు పది, పదునైదు సంవత్సరములు గడువవచ్చును.

ఇప్పుడు ఆ రైతు ప్రశ్నకు రండి. కాలు బాగున్నవానికి గోలీ ఎందులకు? కాలు బాగున్నవాని రక్తములోనే పిల్ల పురుగులు అధికముగా నుండును గనుక. కాలు లావైనవారిలో పెద్ద పురుగులు చాలవరకు చచ్చిపోయి యుండును. వారి రక్తములో పిల్ల పురుగులు కానవచ్చుట అరుదు. ఊరిలో జబ్బును వ్యాపింపజేయుచున్నది బోదకాలుగల వృద్ధురాలు కాదు. తనకేమియు లేదనుకొని ఆరుబయట పండుకొను ఆరోగ్యవంతుడే. ఆ వృద్ధురాలి ప్రక్కన కూర్చుండిన, ఆమె చేతి అన్నము తినిన ఎవరికిని జబ్బు రాదు. అయినను పెండ్లిపందిరిలో ఆమెను దూరముగా కూర్చుండబెట్టుట, ఆ ఇంటి పిల్లను చేసికొనుటకు వెనుకాడుట నేను చూచితిని. దోషము లేనివారికి శిక్ష పడుచున్నది.

ఆ గోలీ కథలో ఒక తెలుగువాని పేరు కలదు. భీమవరమున 1895లో జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనకు అధ్యక్షుడై యుండగా, ఆయన బృందము 1947లో డైఈథైల్ కార్బమజైన్ అను మందును వెలువరించినది. ఆ మరుసటి సంవత్సరమే ఆయన మరణించెను. డీఈసీ అని నేడు పిలుచుచున్నది ఆ మందునే. ఇది రక్తములోని పిల్ల పురుగులను చంపును, పెద్దవానిలో కొన్నిటిని కూడ చంపును. దీనితో పాటు ఆల్బెండజోల్ మాత్ర ఇత్తురు. ఇటీవల కొన్ని జిల్లాలలో ఐవర్మెక్టిన్ అను మూడవ మందును చేర్చుచున్నారు. భారత ప్రభుత్వము 1955లోనే బోదవ్యాధి అదుపు పథకమును ప్రారంభించినది. 2004 నుండి వ్యాధిగల జిల్లాలలో సంవత్సరమునకొక పర్యాయము అందరికిని మందు మింగించు పద్ధతి చేపట్టినది. పూర్వపు మెదక్ జిల్లాయు అట్టి జిల్లాలలో చేరినదే.

సంవత్సరమునకు ఒక్కసారి యేల, అన్ని సంవత్సరములేల అని అడుగువారు కలరు. ఒక్క మోతాదుతో పిల్ల పురుగులు చాలవరకు నశించును గాని, పెద్ద పురుగులు అన్నియు చావవు. బ్రతికినవి మరల కనుచుండును. కావున పెద్ద పురుగు ఆయుర్దాయము తీరువరకు, అనగా కనీసము ఐదు సంవత్సరములు, దోమకు పిల్ల పురుగులు దొరకకుండ చేయవలెను. ఊరి జనాభాలో నూటికి 65 మందికి తక్కువ కాకుండ మింగినప్పుడే ఇది నెరవేరును. ఆ తరువాత 6, 7 సంవత్సరముల వయస్సుగల పిల్లల రక్తమును పరీక్షించి, వారిలో పురుగు జాడ లేనిచో పంపిణీ నిలిపివేయుదురు. శ్రీలంక 2016లోను, బంగ్లాదేశ్ 2023లోను ఈ వ్యాధి సమస్యనుండి బయటపడినట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువపరచినది. మన దేశము 2027ను గడువుగా పెట్టుకొన్నది.

మందు మింగించు దినమున సభ్యులు గుర్తుంచుకొనవలసినవి కొన్ని. రెండు సంవత్సరములలోపు పిల్లలకు, గర్భిణులకు, తీవ్రమైన జబ్బుతో మంచము పట్టినవారికి ఇవ్వరాదు. కడుపు నిండ భోజనము చేసిన పిమ్మటనే మింగవలెను. మాత్రలను ఇంటిలో పెట్టిపోవుటకంటె కార్యకర్త ఎదుట మింగించుట మేలు; గూటిలో పెట్టిన మాత్ర గూటిలోనే యుండును.

ఇక ఇప్పటికే కాలు వాచినవారి మాట. చెడిన కవాటములను మాత్రలు బాగుచేయజాలవు. ఈ సంగతి దాచుట వలన లాభము లేదు. కాని కాలు మరింత లావెక్కకుండ నిలుపవచ్చును. బోదకాలుగలవారికి అప్పుడప్పుడు చలితో జ్వరము వచ్చి, కాలు ఎర్రబడి మండును. దీనిని పురుగు వలన వచ్చు జ్వరమని చిరకాలము తలంచిరి. వాస్తవమునకు వ్రేళ్ళ సందులలోని పగుళ్ళ ద్వారా వేరు సూక్ష్మక్రిములు దూరుటచే ఇది వచ్చును. కదలని శోషరసములో వానికి అడ్డు లేదు. జ్వరము వచ్చిపోయిన ప్రతిసారి కాలు కొంత పెరుగును. కావున దినమునకొకసారి సబ్బుతో, శుభ్రమైన నీటితో కాలు కడుగవలెను. వ్రేళ్ళ సందులలో తడి లేకుండ మెత్తని గుడ్డతో అద్దవలెను. పగులునకు మందు పూయవలెను. చెప్పులు లేక నడువరాదు. కూర్చున్నపుడు కాలును ఎత్తున నుంచి మడమను క్రిందికి పైకి ఆడించుచుండవలెను. అతి సామాన్యముగా కనబడు ఈ పనులే జ్వరములను తగ్గించును. మగవారికి వచ్చు వరిబీజమునకు శస్త్రచికిత్స కలదు; దానిని సిగ్గుచే దాచుకొని యేండ్ల తరబడి బాధపడువారే అధికము. బోదకాలు బాధితులకు రాష్ట్ర ప్రభుత్వము 2018లో నెలకు 1,000 రూపాయల పింఛను ఏర్పరచి, 2019లో దానిని 2,016 రూపాయలు చేసినది. గడప దాటి బయటకు రాని స్త్రీల పేర్లు జాబితాలో చేరినవో లేదో వార్డు సభ్యులకు తెలిసినంతగా ఏ అధికారికిని తెలియదు.

దోమ విషయము పూర్తిగా పంచాయతీదే. ఈ పురుగును మోయు క్యూలెక్స్ దోమ శుభ్రమైన నీటికంటె మురుగునీటినే కోరును. మురుగుకాలువ, మరుగుదొడ్డి గుంత, ఇంటివెనుక నిలిచిన కడుగునీరు దానికి నివాసములు. గ్రుడ్డు దోమయగుటకు వేడి దినములలో ఇంచుమించు వారము పట్టును. కావున కాలువ పూడిక వారమున కొకసారి తీసినచో ఒక తరము నశించును. ఇటీవల ఇంటింట మరుగుదొడ్లు వచ్చినవి. సంతోషింపదగినదే. కాని వాని గుంతలనుండి పైకి పోవు గొట్టములకు జాలీ కట్టినవి ఎన్ని? కట్టని ప్రతి గొట్టము దోమలకు పొగగొట్టమువలె నున్నది. చారెడు జాలీగుడ్డ, ఒక తీగచుట్ట – అంతకుమించి ఖర్చు లేదు.

ఆ గ్రామములో జరిగినదానిని సగములో విడిచితిని. ఆ రైతు తన మాటకు ఎవరును సరిగా బదులు చెప్పకున్నను, నలుగురితో పాటు గోలీ మింగెను. ఆ రాత్రి అతనికి తలనొప్పి, వాంతి, జ్వరము వచ్చినవి. తెల్లవారుసరికి గోలీల వలన ప్రాణము మీదికి వచ్చినదని వార్త వ్యాపించినది. మిగిలిన వాడలవారు తలుపులు వేసికొనిరి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రము నుండి వచ్చిన వైద్యుడు అతనిని పరీక్షించి, పురుగులు లేనివారికి ఈ మందు వలన సాధారణముగా ఏమియు కాదనియు, రక్తములో పిల్ల పురుగులు ఒక్కసారిగా చచ్చినపుడే ఇట్టి జ్వరము వచ్చుననియు, ఒకటి రెండు దినములలో తగ్గుననియు చెప్పెను. అతని కాళ్ళు అప్పటికిని చక్కగానే యుండెను. జ్వరము మరునాటికి దిగినది.

మూసిన తలుపులను తెరపించినది నేను కాను, వైద్యుడును కాదు. ఆ వార్డు సభ్యురాలొకామె ఆ రైతునే వెంటబెట్టుకొని ఇల్లిల్లు తిరిగెను. "ఏమైంది వదినా, మా అన్న మంచిగనే ఉన్నడు, చూడుండ్రి. లోపల పురుగులున్నయి గనుకనే జరమొచ్చింది" అని ఆమె చెప్పుచుండగా, అతడు వాకిట నిలిచి, కొంచెము సిగ్గుపడుచు, నాకు చూపినట్లే తన కాళ్ళను అందరికిని చూపుచుండెను. సాయంకాలమునకు ఆశా కార్యకర్త సంచిలో మాత్రలు అయిపోయినవి. ఇంకొక డబ్బా తెప్పింపవలసి వచ్చినది.